పటంలో లేని తోట

ముగ్గు డబ్బా రాయమల్లు చేతికి ఇవ్వకపోయి ఉంటే నల్లవాగుపల్లెలో ఇంత గొడవ జరిగేదే కాదు.

కానీ ఇచ్చారు. ఇచ్చింది వేరే ఎవరో కాదు, సర్పంచ్ ఉపేందరే. "మామా, నీ చెయ్యి కాళీగుంటే నీ నోరు ఊకోదు. జర గీ పని వట్టు" అని డబ్బా అంటగట్టి, తాను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

పంచాయతీ ఆఫీసు ముందు వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, నున్నగా చేసి ఉంచారు. ఊరి పటం గీయాలి. కాగితం మీద కాదు, నేల మీదే, ముగ్గుపిండితో. ఇళ్ళు, బోరింగులు, బడి, మురికినీళ్ళ మోరీలు, ఖాళీ జాగాలు అన్నీ ఊరివాళ్ళ చేతుల మీదుగానే గీయాలి. అప్పుడే అది ఊరి ప్రణాళిక అవుతుందని జ్యోతినగర్ నుంచి వచ్చిన రాంప్రసాద్ గారు పొద్దున్నుంచీ చెబుతున్నాడు.

రాంప్రసాద్ గారు కరెంటు కార్ఖానాలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పంచాయతీలకు ప్రణాళికలు వేయడం నేర్పుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో నీళ్ళ సీసా. మంచి మనిషి. ఎంత మంచి మనిషంటే ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. రాయమల్లు ఉన్న ఊళ్ళో అది చాలా ప్రమాదకరమైన గుణం.

"ప్రపంచ దేశాలన్నీ కూర్చుని పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయండీ. పేదరికం పోవాలి, ఆకలి పోవాలి, మంచినీళ్ళు ఉండాలి, పచ్చదనం ఉండాలి, ఇలాంటివి. పల్లెలకు సులువుగా ఉంటుందని మనవాళ్ళు వాటిని తొమ్మిది అంశాలు చేశారు" అన్నాడు ఆయన.

"పదిహేడు బయలెల్లితే మనకాడికి తొమ్మిదే వచ్చినయా సార్?" రాయమల్లు ముగ్గు డబ్బాను చంకలో పెట్టుకుని అమాయకంగా అడిగాడు. "కడమ ఎనిమిది నడుమల ఎవలు మింగిండ్రు?"

వాకిలంతా గొల్లుమంది.

"మింగలేదండీ. కలిపారు."

"ఔ, మాకు పాలు పోసేటాయన గూడ గదే అంటడు సార్. మింగలే, కలిపిన అంటడు."

పంచాయతీ కార్యదర్శి దీప నవ్వు ఆపుకోలేక ఫోను వచ్చినట్టు నటిస్తూ ఆఫీసులోకి వెళ్ళిపోయింది. రామకృష్ణాపూర్ పిల్ల, గని కార్మికుడి బిడ్డ, ఈ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పైవాళ్ళకు పంపాల్సిన ఫోటోలూ వివరాలూ అన్నీ ఆమె నెత్తి మీదే ఉన్నాయి. అంతలో ఫోను నిజంగానే వచ్చింది. ఆమె మళ్ళీ బయటికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

జరిగింది ఇది. రాయమల్లు లుంగీ ఎగ్గట్టి గొంతుకూర్చున్నాడు. బొగ్గు బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి వేళ్ళ మధ్య నుంచి ముగ్గు సన్నటి ధారగా జారుతుంటే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. ముందు బడి గీశాడు. తర్వాత రోడ్డు. తర్వాత ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గు గని గీయబోయి, రెండు గుప్పిళ్ళ పిండి పోసి ఆపేశాడు. "దీన్ని పూరాగ గీస్తే ఊరు వట్టదుల్లా" అన్నాడు. తన బావ సదానందం ఇంటి దగ్గర నోరు తెరుచుకుని గురక పెడుతున్న తలకాయ గీశాడు. ఉపేందర్ ఇల్లు అగ్గిపెట్టెంత, ఇంటి ముందున్న కారు బర్రెంత గీశాడు. ఎవరి ఇల్లు వస్తే వాళ్ళు తిట్టారు, మిగతావాళ్ళు నవ్వారు.

ఆఖర్న బడి వెనక, వాగు పక్కన, తన పెళ్ళాం తోట గీశాడు. గనిలోంచి మోటార్లు తోడిపోసే నీళ్ళు వాగులోకి పోయే దారిలో సర్కారు జాగా కొంచెం ఉంది. సారవ్వ ఆ నీటికి కాలువ తిప్పి అక్కడ గోంగూర, తోటకూర, వంకాయ, బీర పెంచుతుంది. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఆమె గంప దిగిందంటే చాలు, తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఆ వేళకు కూడా ఆమె గంపెత్తుకుని అక్కడికే వెళ్ళింది. పోయేముందు రాయమల్లు రెండో చాయ అడిగితే "బీరపాదుకు పందిరెయ్యి, అప్పుడు పోస్త" అంది. ఆ మంట ఇంకా ఆరలేదు.

మడులు గీశాడు, మడుల్లో చుక్కలు పెట్టాడు. ముచ్చటగా వచ్చింది. ఒక్క నిమిషం తల వంచి చూసుకున్నాడు. తర్వాత అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేశాడు.

"ఇగో, నా సవితిని ఎల్లగొట్టిన" అన్నాడు.

వాకిలి మళ్ళీ పగలబడింది. సదానందం అయితే దగ్గు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. రాంప్రసాద్ గారు కుర్చీ ఎక్కి, ఫోను ఎత్తి పట్టుకుని, "ఇక్కడ ఏముందండీ? ఖాళీగా ఉంది?" అని అడిగాడు.

"ఏం లేదు సార్. బీడు."

నవ్వు ఇంకా పెద్దదైంది. తన ఊరి బీడును చూసి ఇంత సంతోషపడే జనాన్ని ఆయన ఎక్కడా చూడలేదు. ఉత్సాహంగా రాసుకున్నాడు. ఫోటో తీశాడు. ఎవరూ సరిదిద్దలేదు. రాయమల్లు వేసిన జోకును మధ్యలో విప్పి చెప్పడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. పైగా, ఇంకెవరో తర్వాత చెబుతారులెమ్మని అందరూ అనుకున్నారు. అందరూ అనుకున్నారు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

*

రెండు మూడు రోజులకు ట్రాక్టర్ వచ్చింది. దాని నిండా మొక్కలు, మొక్కల మీద మడతపెట్టిన ఫ్లెక్సీ. విప్పితే అందులో ఊరే ఉంది కానీ ఊరివాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. బడి వెనక రంగురంగుల పార్కు, సిమెంటు బెంచీలు, నడిచే దారి, మధ్యలో నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. పైన పెద్ద అక్షరాలతో "పచ్చని, పరిశుభ్రమైన గ్రామం: మన సంకల్పం" అని ఉంది. గురువారం గ్రామసభ. ఊరు ఒప్పుకుంటే శుక్రవారం జేసీబీ వచ్చి జాగా చదును చేస్తుంది.

సారవ్వ కాలనీ నుంచి ఖాళీ గంపతో వచ్చేసరికి ఆమె గోంగూర మడి మధ్యలోంచి తెల్లటి సున్నం గీత పోతోంది.

ఆ సాయంత్రం సారవ్వ గొంతు ఊరి రెండో చివర దాకా వినిపించింది. సర్పంచ్ ఇంటి ముందు నిలబడి, కొంగు నడుముకు చుట్టి, నిదానంగా మొదలుపెట్టి పైపైకి పోయింది.

"ఏమయ్యా ఉపేందరు, ఊరు పచ్చగ జేస్తనని పచ్చటి తోటను దున్నుతవా? మా చెల్క భూమి బొగ్గు బాయిల వాయె. గీ గింత జాగ గూడ నీ కండ్లల్ల వడ్డదా?"

"అత్తా, నాకేం తెల్వదే. పటంల కాళీగున్నదని పైకెల్లి వెట్టిండ్రు."

"పటంల ఎట్ల కాళీగుంటది? గాల్లకెల్లి తీసిండ్రా?"

ఉపేందర్ నోరు తెరిచాడు. ఆమె వెనక కొంచెం దూరంలో రాయమల్లు రెండు చేతులూ జోడించి, కళ్ళతోనే బతిమాలుతూ నిలబడి ఉన్నాడు. ఉపేందర్ నోరు మూసుకున్నాడు. సర్పంచ్ అయ్యాక అతను చేసిన మొదటి త్యాగం అదే.

"ఎవడు జెప్పిండో గని, వాని నోట్ల మన్ను వడ" అంది సారవ్వ ఇంటికొచ్చి గంప విసిరేస్తూ.

రాయమల్లు అప్పటికే శుభ్రంగా ఉన్న చెవిని పుల్లతో మళ్ళీ శుభ్రం చేసుకుంటున్నాడు. "గంత పెద్ద శాపం ఎందుకే. ఎవడో పాపం, నవ్వులాటకు..."

"నవ్వులాటనా?"

"అంటే, మాట వరుసకు అంటున్న."

సారవ్వ అతని వైపు చూసింది. మామూలు కన్నా ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. రాయమల్లు ఉప్పు అడగలేదు.

మర్నాడు తెల్లారగానే పంచాయతీ ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. దీప స్కూటీ దిగగానే లేచాడు.

"బిడ్డా, పటం తప్పు. ఆడ తోట ఉన్నది. నేనే తుడిచిన. మార్పియ్యి."

దీప తాళం తీస్తూ నవ్వింది. "కాక, ఇంక నన్ను మోసం జెయ్యలేవు."

"నిజంగ చెప్తున్న."

"నేను కొత్తగొచ్చినప్పుడు గూడ నిజంగనే చెప్పినవ్. కొత్త సెక్రటరీ వస్తే ఒక్కొక్క బోరింగుకాడ కొబ్బరికాయ కొట్టాలె, మా ఊరి రివాజు అన్నవ్. ఎండల ఊరంత తిరిగి కొట్టిన. ఆ చిప్పలన్ని ఏరుకపోయి సారవ్వతోని తొక్కు నూరిపిచ్చుకున్నవ్."

"గది మంచిగుండె."

"నాకు గూడ డబ్బల వెట్టి తెచ్చినవ్ గద కాక. తిన్నంక ఎరుకైంది." ఆమె కుర్చీలో కూర్చుని, అతని మొహం చూసి, నవ్వు కొంచెం తగ్గించింది. "నువ్వు నిజంగ చెప్పినా నా చేతుల లేదు. పటం పైకి ఎక్కింది. కిందికెల్లి మార్చే తొవ్వ లేదు. గ్రామసభల ఊరు వద్దంటెనే ఆగుతది."

"ఊరు వద్దంటదా?"

"నువ్వు లేచి చెప్పి చూడు. ఎవలన్న నవ్వకుంట వింటరేమో."

అదే కదా రాయమల్లుకు వచ్చిన కష్టం. అతను జ్వరమొచ్చిందని చెప్పినా జనం నవ్వి, ఆ తర్వాత నుదురు ముట్టి చూస్తారు. అలాంటిది నిండు సభలో "నేనే తప్పు చేసిన" అంటే ఏమవుతుందో తెలుసు. చప్పట్లు కొడతారు. పైగా సారవ్వ ముందు వరుసలో ఉంటుంది.

చెట్టు కింద బీడీ ముట్టించుకుంటూ సదానందానికి చెప్పాడు. సదానందం బాయిలో తోడు పనిచేసినవాడు, వరసకు బావ. వినీ వినగానే నవ్వి, తర్వాత దగ్గి, తర్వాత మళ్ళీ నవ్వాడు.

అప్పుడే సైరన్ మోగింది.

ఇద్దరూ బీడీలు పడేసి లేచారు. ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం బండలు పేల్చేముందు సైరన్ మోగుతుంది. మోగితే ఊరంతా కప్పుల కింద నుంచి బయటికి వచ్చి, బడి ముందర రోడ్డు మీద తలలకు తువ్వాళ్ళు కప్పుకుని నిలబడాలి. పేలుడు అయ్యాక, దుమ్ము దిగాక ఎవరి పని వాళ్ళది. ఎవరూ ఎవరికీ చెప్పరు. తింటున్నవాడు ఎంగిలి చేత్తో వస్తాడు. మంగలి ముందు కూర్చున్నవాడు సగం గడ్డంతో వస్తాడు. బుర్రకు తెలిసేలోపే కాళ్ళు లేస్తాయి.

రోడ్డు మీద తువ్వాలు కప్పుకుని నిలబడ్డ రాయమల్లు చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా నిటారుగా నిలబడి ఉంది. అతని మొహం మెల్లగా వెలిగింది.

"బావా" అన్నాడు. "గురువారం సభ గూడ గీ యాళ్ళకే గద?"

*

గురువారం రేకుల షెడ్డులో సభ నిండుగా ఉంది. సారవ్వ ముందు వరుసలో, ఎవరు మాట్లాడతారో చూస్తానన్నట్టు కూర్చుంది. రాంప్రసాద్ గారు బల్ల వెనక నిలబడి అంశాలు చదవడం మొదలుపెట్టాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడో లేదో రాయమల్లు లేచాడు.

"చేతులెత్తుడు వద్దు సార్. మావోళ్ళు గోక్కునేటందుకు గూడ ఎత్తుతరు. మీరు అది గూడ లెక్క రాసుకుంటరు. లేచి నిలవడితే పక్కా ఉంటది."

రాంప్రసాద్ గారికి ఈ మాట నచ్చింది. "మంచి సూచన. ఇదేనండీ ప్రజల భాగస్వామ్యం అంటే" అన్నాడు.

పథకం ఇదీ: సైరన్‌కు సరిగ్గా ముందు రాయమల్లు లేచి "బడి వెనక తోట తోటగనే ఉండాలె, ఒప్పుకునేటోళ్ళు నిలవడాలె" అనాలి. సైరన్ మోగుతుంది. ఊరు లేస్తుంది. తీర్మానం అయిపోతుంది. సారవ్వకు ఏ సంగతీ తెలియదు. అంతదాకా సభను సాగదీయాలి. సాగదీయడంలో రాయమల్లును మించినవాడు ఎవడున్నాడు?

మోరీల అంశం రాగానే లేచి దోమల గురించి మాట్లాడాడు. తన ఇంటి దోమలకూ సర్పంచ్ ఇంటి దోమలకూ తేడా చెప్పాడు. సర్పంచ్ ఇంటి దోమలు కూలర్ గాలికి అలవాటు పడి, బయట ఎండలో కుట్టలేకపోతున్నాయట. బడి అంశం వచ్చింది. తాను బడికి పోయిన రోజుల గురించి చెప్పాడు. అవి కొన్నే కాబట్టి తొందరగా అయిపోయాయి. వీధి దీపాల దగ్గర మళ్ళీ లేచాడు. జనం కడుపులు పట్టుకుంటున్నారు. సదానందం తలుపు దగ్గర నిలబడి, గని వైపు చెవి పెట్టి, ఇంకా లేదు ఇంకా లేదు అని తల ఊపుతున్నాడు.

చివరికి రాంప్రసాద్ గారి మంచితనం కూడా అరిగిపోయింది. "రాయమల్లు గారూ, దయచేసి కూర్చోండి. మీ మాటలు తర్వాత వింటాం. ముఖ్యమైన అంశం ముందు ముగిద్దాం" అని గబగబా కాగితం ఎత్తి చదివాడు. "బడి వెనక ఉన్న ఖాళీ స్థలంలో ఉద్యానవనం ఏర్పాటు. ఆమోదించేవారు లేచి నిలబడండి."

సైరన్ మోగింది.

షెడ్డు మొత్తం లేచింది. ముసలీ ముతకా, పిల్లల తల్లులూ, ఉపేందరూ. పార్కు మాట వస్తే బల్ల తిరగేద్దామని వచ్చిన సారవ్వ కూడా లేచింది. "కూసోండ్రి! కూసోండ్రి!" అని రాయమల్లు నోరు అరుస్తోంది కానీ కాళ్ళు అప్పటికే లేచి తలుపు వైపు నడుస్తున్నాయి. ఆ కాళ్ళు అన్నేళ్ళు బొగ్గు కంపెనీ మాట విన్నాయి. ఇప్పుడు ఒక్కసారిగా యజమాని మాట వినమంటే ఎలా వింటాయి?

జ్యోతినగర్‌లో సైరన్ అంటే గడియారం సరిచేసుకోవడానికి. రాంప్రసాద్ గారికి ఆ కూత వినిపించనే లేదు. ఆయనకు కనిపిస్తున్నదల్లా ఒక్క మనిషిలా లేచి నిలబడ్డ ఊరు. "ఇలాంటి స్పందన నేను ఏ గ్రామంలోనూ చూడలేదండీ!" అన్నాడు. కళ్ళు తడయ్యాయి. చప్పట్లు కొట్టాడు. ఫోను తీసి ఫోటో కొట్టాడు.

"సార్, బయటికి రాండ్రి! జల్ది!" దీప తలుపులోంచి కేక వేసింది.

"ఒక్క నిమిషమమ్మా, ఇది పైకి పంపించి వస్తాను." ఏకగ్రీవం అని రాసి, పంపించేశాడు.

అప్పుడు ధన్ మంది. రేకులు గలగలా కదిలాయి. ఏళ్ళ నాటి దుమ్ము ఒక్కసారి దిగి చాయ గ్లాసులో పడింది. అంతా సద్దుమణిగాక దీప వెళ్ళి చూస్తే రాంప్రసాద్ గారు బల్ల కింద, కార్డు నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

రోడ్డు మీద సారవ్వ కొంగు దులుపుకుంటూ పక్కామెను అడిగింది. "మనం లేచినప్పుడు ఆ సారు ఏమడిగిండు?"

పక్కామె చెప్పింది.

సారవ్వ అరవలేదు. కొంగు దులపడం ఆపి, బడి వెనక్కి నడిచింది. రాయమల్లు ఆమె వెనకే, దగ్గరికి పోలేక దూరంగా ఉండలేక నడిచాడు. ఆమె మడిలో కూర్చుని గోంగూర కోయడం మొదలుపెట్టింది. రేపు జేసీబీ వస్తుంది కదా. లేతదీ ముదురుదీ చూడకుండా కోస్తోంది. పిందెలు పిందెలుగానే వంకాయలు తెంపుతోంది. గుప్పెడు కోసి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది. రాయమల్లు అందుకున్నాడు. నారతో కట్ట కట్టి గంపలో పెట్టాడు. మళ్ళీ చెయ్యి వచ్చింది. మళ్ళీ కట్టాడు. ఆ చేతికి మట్టి, వేళ్ళ సందుల్లో ఆకుపసరు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆ నోటికి అలవాటైన దారి ఒకటే. ఎంత వెతికినా రెండో దారి దొరకలేదు. ఈసారి ఆ ఒక్క దారిలోనూ ఏమీ రాలేదు. పొద్దు వాలేదాకా కట్టలు కడుతూనే ఉన్నాడు.

*

శుక్రవారం జేసీబీ రాలేదు. కారు వచ్చింది. అందులోంచి రాంప్రసాద్ గారు దిగాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

దీప ఇంటింటికీ తిరిగి అందరినీ పిలిచింది. ఈసారి షెడ్డులోకి పోకుండా బయట వాకిట్లోనే కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి చేతిలో సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు.

"నిన్న గ్రామసభ ఫోటో పైన చూశారండీ. అందులో... మీరంతా వీపులు తిప్పి, తలలకు గుడ్డలు కప్పుకుని, బయటికి వెళ్ళిపోతున్నారు. ఊరు గ్రామసభను బహిష్కరించిందని వాళ్ళు అనుకున్నారు. నాకు ఫోన్ మీద ఫోన్. ప్రపంచమంతా చూసే లక్ష్యాల పని ఇది, జనం లేచి వెళ్ళిపోయారంటే ఎలా, ముందు వెళ్ళి వాళ్ళ అభ్యంతరాలు వినండి, వినకుండా తిరిగి రావద్దు అన్నారు."

జనం ఎందుకు లేచి వెళ్ళారో ఆయనకు తెలుసు, బల్ల కిందే ఉన్నాడు కదా. ఆయనకు తెలుసునని ఊరికీ తెలుసు. కానీ సైరన్ కూతను ఏకగ్రీవమని రాసి పంపానని ఏ ముఖం పెట్టుకుని పైవాళ్ళకు చెబుతాడు?

"అందుకని," ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది, "మీకేమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. ఏదో ఒకటి. దయచేసి."

రాయమల్లు గొంతులోకి ఒక జోకు వచ్చి కూర్చుంది. అది అతని జీవితంలోకెల్లా గొప్ప జోకు. సైరన్, బల్ల, ఏకగ్రీవం, నోట్లో కార్డు, అన్నీ అందులో ఉన్నాయి. నాలుక చివర నిలబడి దూకడానికి చూస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సదానందం అతన్నే చూస్తున్నాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. ఆ జోకు పేలిందా, అభ్యంతరం లేదు, బహిష్కరణ లేదు, తోట లేదు.

రాయమల్లు తువ్వాలు ఉండ చుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడు సారవ్వ లేచింది.

"ఔ సార్" అంది, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. "బహిష్కరించినం."

ఉపేందర్ ఉలిక్కిపడి ఆమెను చూశాడు. ఆమె అతని వైపు చూసింది. "బహిష్కరించినం సార్" అన్నాడు ఉపేందర్ కూడా, వెంటనే.

"చెట్లు వద్దని గాదు" అంది సారవ్వ. "దుమ్మొచ్చే దిక్కు వెట్టుండ్రి. మా ఇండ్లకూ బాయికీ నడుమ వెట్టుండ్రి. మా కండ్లల్ల వడే దుమ్ము ఆగుతది. కూరగాయలు పీకి పూలచెట్లు వెడితే ఏం తింటరు సార్, పూలా?"

ఆమె మొదలుపెట్టాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? బహిష్కరించారన్న గౌరవం ఎలాగూ దక్కింది, దాన్ని వృథా చేయడమెందుకని తలా ఒక మాట లేపారు. గోడల పగుళ్ళు లేచాయి. నల్లాలో వచ్చే ఎర్రనీళ్ళు లేచాయి. వీధి చివర దీపం లేచింది. నిన్న రాయమల్లు వెక్కిరించిన దోమలు కూడా ఈసారి నిజంగా లేచాయి. రాంప్రసాద్ గారు రాస్తూనే ఉన్నాడు. రాసేకొద్దీ ఆయన మొహం తేటపడింది. తొమ్మిది అంశాల్లోనూ ఒక్కటి మిగలకుండా ఏదో ఒకటి దొరికింది.

తర్వాత అందరూ కలిసి తోటకు నడిచారు. సగం కోసేసిన మడులు, తెల్లటి సున్నం గీత, పక్కనే గలగలా పారుతున్న గని నీళ్ళు. ఆయన ఫోనులో పటం ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు.

"పటంలో ఇది బీడని ఉందే?"

జనం ఆకాశం వైపు చూశారు. వాన వచ్చేలా లేదు.

"పటం గీసినాయనకు కండ్లు మసక సార్" అంది సారవ్వ. "దగ్గెరున్నది కనవడది."

రాయమల్లు తువ్వాలు నోట్లోంచి తీయబోయి, ఇంకొంచెం లోపలికి కుక్కుకున్నాడు.

తోటను మహిళల ఉమ్మడి కూరగాయల తోటగా ప్రణాళికలో రాశారు. దానికి పెద్ద సారవ్వే. వచ్చిన మొక్కలు గని వైపు గట్టు మీదికి. ఆ మొక్కలకూ తోటకూ రోజూ పొద్దున నీళ్ళు తిప్పడానికి ఒక మనిషి కావాలి.

"మా ఆయన కాళీగనే ఉన్నడు" అంది సారవ్వ.

"ఒప్పుకునేటోళ్ళు..." అని ఉపేందర్ ఉషారుగా మొదలుపెట్టాడు.

"చేతులెత్తండి చాలు!" రాంప్రసాద్ గారు కంగారుగా అందుకున్నాడు. "ఎవరూ నిలబడొద్దు. చేతులు చాలు."

అందరూ ఎత్తారు. సదానందం రెండు చేతులూ ఎత్తాడు.

*

ప్రణాళిక పైకి పోవాలంటే తోట ఫోటో కావాలంది దీప. సోమవారం పొద్దున్నే వచ్చింది. రాయమల్లు అప్పటికే మోకాళ్ళదాకా బురదలో ఉన్నాడు. పారతో ఒక మడికి గండి కొట్టి, నీళ్ళు నిండగానే మట్టితో మూసి, పక్క మడికి తిప్పుతున్నాడు. గట్టు మీద సారవ్వ కూర్చుని, కొత్తగా చేరిన ఆడవాళ్ళకు విత్తనాలు పంచుతూ, మధ్యమధ్యలో తల ఎత్తకుండానే చెబుతోంది. "ఆ మూల తడ్వలే. ఆ మూల."

"అందరూ రాండ్రి, ఫోటో" అంది దీప.

ఆడవాళ్ళు వచ్చి మడుల ముందు నిలబడ్డారు. రాయమల్లు మొహం కడుక్కుని, జుట్టు తడిచేత్తో దువ్వుకుని, పార భుజాన వేసుకుని వాళ్ళ మధ్యలోకి వచ్చి ఠీవిగా నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు" అంది సారవ్వ. "వంకాయ చెట్టు కనవడ్తలేదు."

జరిగాడు.

"ఇంక."

జరిగాడు.

"ఇంక జరుగు. తోట పూరాగ రావాలె."

"ఇంక జరిగితే నేను ఫోటోల ఉండనే."

"ఉండకు" అంది సారవ్వ. అప్పుడు మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "ఒక్క తుడుపు తుడుస్తే మనిషికి ఎట్లుంటదో ఎరుక గావాలె గద."

రాయమల్లు ఆమెను చూశాడు. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు మొహాలు దాచుకుంటున్నారు. "ఎప్పుడు ఎరుకైందే నీకు?" అన్నాడు మెల్లగా.

"సున్నం గీత వడ్డ దినమే, కాలనీకెల్లి వస్తుంటే. బడికాడనే ముగ్గురు చెప్పిండ్రు. నువ్వే ఎప్పుడు చెప్తవో సూద్దామని ఉన్న."

అతను పార మడిలో గుచ్చి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ కాలువ దాటి అవతల గట్టు మీదికి పోయి నిలబడ్డాడు. దీప ఫోటో తీసింది.

"మంచిగొచ్చిందా బిడ్డా?" అవతల నుంచి కేక వేశాడు.

"మస్తుగొచ్చింది కాక."

"నేను లేనా?"

"లేవు కాక."

"సరిగ సూడు. చెయ్యన్న, కాలన్న..."

దీప ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, జాలిగా వెతికింది. "నువ్వు లేవు గని కాక, నీ పార ఉన్నది."

రాయమల్లు మొహం విప్పారింది.

"పార గూడ నాదే" అంది సారవ్వ.